ఈతకొలను పక్కన కృత్రిమ పచ్చికలో ఏం నింపాలి?

ఆరిజోనా, టెక్సాస్ వంటి ఎండ ప్రాంతాల్లో పెరటి ఈతకొలను చుట్టూ కృత్రిమ పచ్చిక వేయించుకునేవారు, దాని రంగు, ఒత్తు ఎంత శ్రద్ధగా చూస్తారో, పోచల మధ్య నింపే ఇన్‌ఫిల్‌ను కూడా అంతే శ్రద్ధగా ఎంచుకోవాలి. తడికాళ్లకు అంటుకుని నీళ్లలోకి చేరేది అదే. నల్లని రబ్బరు గుళికలు ఇక్కడ వద్దే వద్దు, ఎండలో అవి ఉత్తకాళ్లతో నిలబడలేనంతగా కాలుతాయి. కార్క్ నీటిపై తేలి స్కిమ్మర్ (కొలను నీటిపై తేలే చెత్తను లాగేసే అమరిక) బుట్టలో పేరుకుంటుంది, వాల్‌నట్ పెంకుల పొడి నిత్యం తడిసే చోట కుళ్లవచ్చు.

నా దృష్టిలో అక్రిలిక్ పూత పూసిన గుండ్రని సిలికా ఇసుకే మేలు. ధర ఎక్కువే అయినా, అది నీటిని పీల్చుకోదు, పాదాలకు గరుకుగా తగలదు, బరువుగా ఉండి పోచల అడుగున నిలుస్తుంది. కొనేముందు నమూనా అడిగి తీసుకుని, గుప్పెడు ఇసుకను గాజుగ్లాసు నీళ్లలో వేసి కలిపి చూడండి. నీళ్లు మసకబారితే అందులో దుమ్ము ఎక్కువగా ఉందని, అదంతా మీ ఫిల్టర్‌లోకి చేరుతుందని అర్థం. పచ్చిక పూర్తిగా ఆరి ఉన్నప్పుడే ఇసుకను చల్లి బ్రష్‌తో లోపలికి దిగేలా ఊడ్పించండి, కొలను గట్టు వెంబడి కాస్త పలుచగానే వేయించండి. ఏ ఇసుక వేసినా మిట్టమధ్యాహ్నం పచ్చిక వేడెక్కుతుంది కాబట్టి, నీళ్లు చల్లిన తరువాతే పిల్లలను దానిపై నడవనివ్వండి.