లావుగా ఉన్నవాళ్ళు మొదటి సైకిల్ ఎలా ఎంచుకోవాలి?

నేను సైకిల్ కొందామని షాపుకి వెళ్ళిన రోజు నా బరువు 112 కిలోలు. లోపలికి అడుగు పెట్టానో లేదో సేల్స్ కుర్రాడు నన్ను పైనుంచి కిందదాకా ఒకసారి చూసి "సార్, మీ పర్సనాలిటీకి ఇదే కరెక్ట్ సార్" అంటూ నాలుగంగుళాల టైర్లున్న ఫ్యాట్ బైక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అది తీసుకోలేదు, కానీ తీసుకున్నది కూడా తప్పే. ముందూ వెనకా సస్పెన్షన్, 21 గేర్లు, మెరిసిపోయే పెయింటు, చూడ్డానికి బైకులాగా ఉందని కొనేశా. మూడో వారంలో హైదరాబాద్‌లో నార్సింగి దగ్గర వెనక నుంచి "టంగ్" మని ఒక సౌండు, ఆ వెంటనే చక్రం వంకర్లు తిరుగుతూ బ్రేకుకి రాసుకోడం మొదలైంది, రెండు కిలోమీటర్లు తోసుకుంటూ పోయా. రోడ్డు పక్క పంక్చర్ షాపాయన చక్రం విప్పి, విరిగిన స్పోక్ చేతిలో పెట్టి "ఫ్రేమ్‌కి ఏం కాలేదన్నా, అది నీ బరువు మోస్తది, ఎనక చక్రమే కచ్చా ఉంది" అన్నాడు. సైకిల్ గురించి నాకు ఎవరైనా చెప్పిన మాటల్లో పనికొచ్చింది అదొక్కటే, కింద రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

1. ముందు బరువు చూసుకోండి, నిజం బరువు

పోయినేడాది హెల్త్ చెకప్‌లో రాసింది కాదు, ఇవాళ్టిది. దానికి షూస్, బ్యాగు, నీళ్ళ బాటిల్, తాళం అన్నీ కలిపి ఒక 5 కిలోలు వేసుకోండి. ఇప్పుడు మీరు చూస్తున్న మోడల్ ఎంత బరువు మోస్తుందో కంపెనీ మాన్యువల్‌లోనో వెబ్‌సైట్‌లోనో వెతకండి. మామూలు సైకిళ్ళకి చాలావరకు 100 నుంచి 120 కిలోల మధ్య రాసి ఉంటుంది. ఇక్కడో మెలిక ఉంది, కొన్ని కంపెనీలు తొక్కేవాళ్ళ బరువు రాస్తాయి, కొన్ని సైకిల్ బరువు కూడా కలిపి మొత్తం రాస్తాయి. రెండో రకం అయితే నా లెక్క 112కి 5, సైకిల్ 15, మొత్తం 132 అయింది, అంటే 120 అని రాసి ఉన్నది నాకు పనికిరాదు. ఎక్కడా రాసి లేకపోతే, షాపువాడు "ఎంతైనా మోస్తుంది సార్" అంటే, ఆ మోడల్ వదిలేయండి.

2. వెనక చక్రం దగ్గర కూర్చోండి

అవును, షాపులో కింద కూర్చునే చూడండి, ఎవరేమనుకుంటే ఏంటి. నిటారుగా కూర్చుని తొక్కేటప్పుడు మన బరువులో సగం కంటే ఎక్కువ వెనక చక్రమే మోస్తుంది, కొత్తవాళ్ళం గుంత రాగానే సీటు మీదనుంచి లేవకుండా దబ్బున అందులోకి దించేస్తాం కాబట్టి దెబ్బ కూడా దానికే.

స్పోక్స్ లెక్కపెట్టండి. 36 ఉంటే సంతోషం, 32 అయినా పర్లేదు, 28, 24 అంటే మనకి కాదు. మన తాతల కాలం నల్ల సైకిల్ గుర్తుందిగా, పాల క్యాన్లు కట్టుకుని, గ్యాస్ సిలిండర్ కట్టుకుని, బియ్యం బస్తా వేసుకుని పోయేది, దాని ముందు చక్రానికి 32 స్పోక్స్ ఉంటే వెనక చక్రానికి 40 ఉండేవి. ఆ లెక్క ఊరికే వేయలేదు వాళ్ళు.

రిమ్, అంటే టైరు కూర్చునే చక్రం అంచు, డబుల్ వాల్ అయ్యుండాలి, అంటే లోపల రెండు పొరలు ఉండాలి. టైరు ఉండగా బయటికి తెలీదు కాబట్టి అడగండి, స్పెక్‌లో రాసి ఉంటుంది.

తర్వాత స్పోక్స్‌ని ఒక్కొక్కటిగా వేలితో మీటండి, వీణ తీగలు మీటినట్టు. ఒక వైపువన్నీ దాదాపు ఒకే శబ్దం ఇవ్వాలి. గేర్లున్న సైకిళ్ళకి వెనక చక్రంలో గేర్ల వైపువి బిగువుగా, రెండో వైపువి కొంచెం వదులుగా ఉంటాయి, అది మామూలే. కానీ ఒకే వైపు ఒకటి "టింగ్", పక్కది "డబ్" అంటే ఆ చక్రం సరిగా బిగించలేదన్నట్టు. స్పోక్ అనేది మన బరువుకి ఒక్కసారిగా తెగిపోదు, వదులుగా ఉంటే చక్రం తిరిగిన ప్రతిసారీ కిందికొచ్చినప్పుడు సడలిపోయి, పైకెళ్ళాక మళ్ళీ బిగుసుకుని, అలా వేల సార్లు ఆడీ ఆడీ హబ్ (చక్రం మధ్యలో స్పోక్స్ తగిలించే భాగం) దగ్గర వంపులో అలిసిపోయి విరుగుతుంది, తీగని అటూ ఇటూ వంచి తుంచినట్టు. నాది సరిగ్గా ఆ వంపులోనే విరిగింది.

ఇంకొక్క ప్రశ్న, గేర్ల సైకిల్ అయితే "వెనక ఫ్రీవీలా, క్యాసెట్టా" అని అడగండి. వెనక గేర్ల పళ్ళ చక్రాలు హబ్‌కి బిగించే రెండు పద్ధతులు ఇవి. ఫ్రీవీల్‌లో బేరింగ్ లోపలికి ఉండిపోయి ఇరుసు చివర ఆధారం లేకుండా బయటికి ఉంటుంది, బరువుకి అది వంగుతుంది. క్యాసెట్‌లో బేరింగ్ చివరిదాకా వస్తుంది కాబట్టి ఇరుసు గట్టిగా నిలబడుతుంది. వెనక 7 గేర్లున్న చవక సైకిళ్ళలో ఎక్కువగా ఫ్రీవీలే, 8, 9 ఉన్నవాటిలో క్యాసెట్ దొరికే ఛాన్స్ ఎక్కువ. గేర్లు లేని మామూలు సైకిల్‌కి ఈ గొడవ లేదు.

3. టైరు: సన్నం వద్దు, మరీ లావూ వద్దు

700సి చక్రాలైతే (రోడ్డు సైకిళ్ళకి ఎక్కువగా వచ్చే సైజు) 38 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు, 26, 27.5, 29 అంగుళాలవైతే 2 అంగుళాల చుట్టుపక్కల చూసుకోండి. రేసు సైకిళ్ళ 25, 28 టైర్లు మన రోడ్ల మీద మన బరువుతో గుంతలో పడితే ట్యూబు రిమ్‌కీ రోడ్డుకీ మధ్య నలిగిపోయి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కరిచినట్టు. ఇక ఫ్యాట్ బైక్, లావు మనిషికి లావు టైరు అనే లెక్క వినడానికి బాగుంటుంది గానీ అవి ఇసుకకీ మంచుకీ చేసినవి, తారు రోడ్డు మీద గుంజుతున్నట్టే ఉంటుంది, అసలే ఆయాసపడే మనం పది నిమిషాలకే ఆపేస్తాం.

4. ఇప్పుడు రకం తేల్చుకోండి

నా ఓటు హైబ్రిడ్‌కి. నిటారు హ్యాండిల్, మధ్యరకం టైర్లు, ముందు సస్పెన్షన్ లేని గట్టి ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ భాగం). ఆ సస్పెన్షన్ లేకపోవడమే ప్లస్ పాయింటు, నమ్మండి. చవక సైకిళ్ళలో వచ్చే స్ప్రింగ్ ఫోర్కు మన బరువుకి సగం దాకా ముందే దిగిపోయి కూర్చుంటుంది, తొక్కినప్పుడల్లా మన శ్రమ రోడ్డుకి పోకుండా స్ప్రింగులోకి పోతుంది. వెనక సస్పెన్షన్ అయితే ఇక చెప్పక్కర్లేదు, నేను అనుభవించా.

మీ దారి ఎక్కువగా మట్టి, కంకర, ఊరి బాట అయితే వెనక సస్పెన్షన్ లేని ఎమ్‌టీబీ, అంటే మౌంటెన్ బైక్, తీసుకోండి, ముందు ఫోర్కుకి లాకౌట్ (స్ప్రింగు కదలకుండా ఆపే మీట) ఉందో లేదో చూడండి, తారు మీద లాక్ చేసుకోవచ్చు.

విజయవాడ, గుంటూరు, భీమవరం లాంటి చదును ఊళ్ళలో ఉంటూ రోజూ అయిదారు కిలోమీటర్లే తొక్కాలంటే ఆ నల్ల సైకిలే కొనండి, సిగ్గేం లేదు. బరువుంటుంది, మెల్లగా పోతుంది, కానీ విరగదు, ఏ ఊళ్ళోనైనా సామాను దొరుకుతుంది. జూబ్లీహిల్స్ ఎత్తులకీ సింహాచలం దారికీ మాత్రం దాంతో వెళ్ళకండి.

రోడ్ బైకు, మడత సైకిలు ఇప్పుడే వద్దు. మోకాళ్ళ నొప్పులుంటే ఎలక్ట్రిక్ సైకిల్ ఆలోచించొచ్చు, మన దేశంలో 250 వాట్లు, 25 కిలోమీటర్ల స్పీడు లోపలుంటే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ అది ఇంకా బరువు కాబట్టి చక్రం రూలు దానికి రెండింతలు.

5. ఎక్కి దిగి చూడండి

దీని గురించి ఎవరూ మాట్లాడరు. పైన అడ్డ గొట్టం ఎత్తుగా ఉంటే మనకి కాలు వెనక నుంచి తిప్పి వేయడం కష్టం, సిగ్నల్ దగ్గర గాభరాలో పడిపోతాం. గొట్టం కిందికి వంగి ఉండే ఫ్రేమ్ తీసుకోండి. "అది లేడీస్ సైకిల్ కదన్నా" అని ఎవడో ఒకడు అంటాడు, మా బావమరిది కూడా అన్నాడు, పట్టించుకోవద్దు.

కూర్చున్నాక పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ పెట్టి చూస్తే కాలు పూర్తిగా సాగాలి, అదే సరైన సీటు ఎత్తు. మొదటి వారం భయంగా ఉంటే ఒక రెండు అంగుళాలు దించుకోండి, తర్వాత పెంచండి, కిందే ఉంచేస్తే మోకాళ్ళు పోతాయి. తొక్కేటప్పుడు తొడలు పొట్టకి తగులుతుంటే హ్యాండిల్ ఎత్తు పెంచమనండి. సీటు విషయంలో పరుపులాంటి జెల్ సీటు షాపులో స్వర్గంలా ఉంటుంది, అరగంటకి తొడలు ఒరుసుకుని మంటలు, కొంచెం వెడల్పుగా, గట్టిగా ఉన్నదే మేలు. ప్లాస్టిక్ పెడల్స్ అయితే అక్కడే మెటల్‌వి వేయించుకోండి.

6. బ్రేకులు, గేర్లు

మన బరువుకి ఆగడం కష్టం, అందుకని డిస్క్ బ్రేక్ మంచిది, బడ్జెట్ ఉంటే హైడ్రాలిక్, లేకపోతే కేబుల్‌ది. గేర్ల సంఖ్య చూసి మోసపోకండి, 21 అని స్టిక్కర్ ఉంటే గొప్పేం కాదు, ముందు పళ్ళ చక్రాల్లో చిన్నదానికి 28 పళ్ళు లేదా ఇంకా తక్కువ, వెనక పెద్దదానికి 34 చుట్టుపక్కల ఉంటే ఫ్లైఓవర్ ఎక్కేస్తారు.

7. కొన్నాక మొదటి నెల

ఆన్‌లైన్‌లో కొంటే సగం బిగించి డబ్బాలో వస్తుంది, యూట్యూబ్ చూసి మీరే బిగించకండి, మంచి మెకానిక్‌కి ఇచ్చి రెండు చక్రాల స్పోక్స్ కూడా బిగించమనండి. గాలి ప్రతి వారం చూసుకోండి, టైరు పక్కన రాసిన గరిష్ఠ పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) దగ్గరగా వెనక టైరు, కొంచెం తక్కువగా ముందుది, చేత్తో నొక్కి "పర్లేదు గట్టిగానే ఉంది" అనుకుంటే కుదరదు, మీటర్ ఉన్న ఫ్లోర్ పంపు ఒకటి కొనుక్కోండి. బీపీ, గుండె, మోకాళ్ళ సమస్య ఏదైనా ఉంటే మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి ఒక మాట చెప్పండి.

ప్రాక్టీసుకి ట్రాఫిక్ లేని చోటు వెతుక్కోండి, హైదరాబాద్‌లో అయితే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ పైకప్పు ట్రాక్ ఉంది, 23 కిలోమీటర్లు, ఎండ తగలదు. నేను రెండో సైకిల్‌తో, అంటే 36 స్పోక్స్ ఉన్న హైబ్రిడ్‌తో, అక్కడే నేర్చుకున్నా. 150 కిలోమీటర్లు తిరిగాక చక్రాన్ని ఒకసారి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి బెండ్ తీయించండి, కొత్త స్పోక్స్ అప్పటికి సర్దుకుని వదులవుతాయి, ఈ ఒక్క పని చేయించకే నా మొదటి సైకిల్ పోయింది. నేనిప్పటికీ ఆదివారం పొద్దున్న కాఫీ తాగేలోపు వెనక చక్రం ఒక రౌండు మీటి చూసుకుంటా, ఏదైనా "డబ్" అంటే ఆ స్పోక్‌కి చిన్న టేపు ముక్క అంటించి మెకానిక్ దగ్గరికి పోతా.