జవాను ఇంటి పెద్దావిడ జీవితాన్ని రాసి ఉంచుకోవడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దవారు కాలం చేసినప్పుడు వారి గురించి రాయడానికి సరుకు సిద్ధంగానే ఉంటుంది. సర్వీసు నంబరు, హోదా, యూనిట్, పతకాలు అన్నీ కాగితాల మీదే ఉంటాయి. వారి భార్య పోయినప్పుడు మాత్రం ఫ్లెక్సీ మీద ‘ఫలానా హవల్దారు గారి ధర్మపత్ని’ అన్న ఒక్క వాక్యంతో పని ముగుస్తుంది. మా నాయనమ్మ పెద్దకర్మ నాడు చదవడానికి నేను రాసిన పేజీలో ముప్పాతిక భాగం తాతగారి బదిలీలే ఉన్నాయి. మా మేనత్త అది విని, “అంతా బాగానే ఉంది గానీ, ఇందులో అమ్మ ఏదిరా?” అని అడిగింది. సంవత్సరీకం నాటికి దాన్ని మళ్లీ మొదటి నుంచి రాశాను. ఆ ఏడాదిలో నాకు తెలిసివచ్చిన పద్ధతినే ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా ఆమె భర్త డిశ్చార్జి బుక్కు, అంటే సైన్యం నుంచి విడుదలైనప్పుడు సర్వీసు వివరాలతో ఇచ్చే పుస్తకం, వెతికి పట్టుకోండి. ఒక పొడవాటి కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమ వైపు ఆయన ఏ సంవత్సరం ఎక్కడ ఉన్నారో రాసి, కుడి వైపు ఖాళీగా వదలండి. పీస్ స్టేషన్‌లో, అంటే కుటుంబాన్ని వెంట ఉంచుకోగల చోట ఉండి, ఫ్యామిలీ క్వార్టర్స్ దొరికిన సంవత్సరాలను ఒక రంగుతోనూ, కుటుంబాన్ని తీసుకువెళ్లలేని చోట ఆయన పనిచేయగా ఆమె ఊళ్లోనే ఉండిపోయిన ఫీల్డ్ సంవత్సరాలను మరొక రంగుతోనూ గుర్తు పెట్టండి. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి గనుక, అదృష్టం కొద్దీ అన్నీ దొరికినా ఫీల్డ్‌లో ఉన్న ఏడాదిలో తొమ్మిది నెలలు ఆ ఇంటిని నడిపింది ఆమె ఒక్కతే. మీరు రాయవలసినది ఆ తొమ్మిది నెలల సంగతి. ఎడమ వైపున్నది కాలాన్ని లెక్కపెట్టుకోవడానికి పనికివచ్చే పంచాంగం మాత్రమే.

కుడి వైపు నింపడానికి కూర్చున్నప్పుడు సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు. అందుకే ఊరంతటికీ గుర్తున్న వాటిని గుంజలుగా పాతుకోవాలి. 1965, 1971 యుద్ధాలు, గంజాం నుంచి గజపతి జిల్లా విడిపోయిన 1992 అక్టోబరు 2, వేసవిలో కార్గిల్, అక్టోబరులో తుపాను రెండూ చూసిన 1999, నౌపడా–గుణుపురం చిన్న రైలు ఆగిపోయిన 2004, ఫైలిన్ తుపాను వచ్చిన 2013, తిత్లీ తుపాను వచ్చిన 2018 మా ప్రాంతానికి పనికివచ్చే గుంజలు. మా చిన్నాన్న పుట్టిన తేదీ కాగితాల మీద జూన్ 1 అని ఉంది. బడిలో చేర్పించేటప్పుడు వేసిన తేదీ అది. నాయనమ్మ మాత్రం, తాను పురిటి మంచం మీద ఉండగానే యుద్ధం మొదలైందని, పదకొండు రోజుల పురుడు తీరినా యుద్ధం తీరలేదని చెప్పేదట. 1971 యుద్ధం డిసెంబరు 3న మొదలై 16న ముగిసింది కాబట్టి ఆయన పుట్టింది నవంబరు నెలాఖరులోనో, డిసెంబరు తొలి రోజుల్లోనో అని తేలింది.

కాగితాలలో ఆమె పేరును ప్రత్యేకంగా సరిచూడాలి. పెళ్లి జరిగినప్పుడు, బిడ్డలు పుట్టినప్పుడు ఆ సంగతిని సర్వీసు రికార్డులో ఎక్కించడానికి యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డరు వేస్తారు. ఆ నాడు గుమాస్తా చెవికి ఎలా వినబడితే ఆ పేరే పెన్షన్ పత్రం దాకా నడిచివస్తుంది. పుట్టింటి పేరు, అత్తవారు పిలిచిన పేరు, రికార్డులోని పేరు వేరువేరుగా ఉంటే మూడింటినీ రాయండి. పాత కాగితాలలో సొంత జిల్లా గంజాం అని ఉండటం కూడా పొరపాటు కాదు, అప్పటికి గజపతి జిల్లా లేదు. డిశ్చార్జి బుక్కు దొరకకపోతే సర్వీసు నంబరుతో ఆ రెజిమెంటు రికార్డు ఆఫీసుకు కుటుంబ సభ్యులు రాయవచ్చు, దారి చూపడానికి మాజీ సైనికుల కుటుంబాల కోసం ఉన్న జిల్లా సైనిక్ బోర్డు ఉంటుంది.

ఇంట్లోని వస్తువులను తీసి చూడటం నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని. తాతగారి నల్ల ట్రంకు పెట్టె మూత మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు, పేరు ఉన్నాయి; దాన్ని మేమంతా ‘తాతగారి పెట్టె’ అనే పిలిచేవాళ్లం. నాయనమ్మ పోయాక మూత ఎత్తి లోపలి వైపు అంటించిన కాగితం చూస్తే, పెన్సిలుతో రాసిన నిలువు వరుసలు కనిపించాయి. మనియార్డరు వచ్చిన రోజు, మొత్తం, అందులో బియ్యానికి ఎంత, బడి జీతానికి ఎంత, ఆడపడుచు సారెకు ఎంత అన్నవి వరుసగా ఉన్నాయి. మాటలు తెలుగులో ఉన్నాయి, అంకెలు మాత్రం ఒడియావి. సరుకుల కొట్టు షావుకారు చీటీలో మోసపోకుండా ఉండటానికి ఆ అంకెలు తానే నేర్చుకున్నదని మేనత్త చెప్పింది. అడుగున మనియార్డరు కూపన్లు దారంతో గుచ్చి ఉన్నాయి. రెండు మూడు వాక్యాలు పట్టే ఆ జాగాలో తాతగారు ప్రతిసారీ ‘నేను క్షేమం, ఆవు ఈనిందా’ వంటివే రాశారు. ఇటువంటివి దొరికితే ఉన్నవి ఉన్నట్టుగా ఎత్తి రాయండి. మీ మాటల్లోకి మార్చకండి.

తరువాత మనుషుల దగ్గరకు వెళ్లండి. కొడుకుల కంటే ఆడపడుచులు, తోడికోడళ్లు, క్వార్టర్స్‌లో పక్కింట్లో ఉన్నవారు ఎక్కువ చెప్పగలరు. “ఆమె ఎలాంటి మనిషి?” అని అడిగితే “దేవత” అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. “పిన్నమ్మా, చిన్నాన్న సెలవు అయిపోయి వెళ్లేటప్పుడు నౌపడా దాకా ఎవరు వెళ్లేవారు? తిరిగి వచ్చాక ఆ రాత్రి వంట ఎవరు చేసేవారు?” అని అడగండి. మాట్లాడుతున్నప్పుడు ఫోనులో రికార్డు చేయండి, కానీ ముందే చెప్పి చేయండి.

రాసేటప్పుడు త్యాగమూర్తి, సహనశీలి, ఆదర్శ గృహిణి అన్న మాటలు వాడకుండా ఒక చిత్తు ప్రతి తయారు చేయండి. ఆ మాటలు తీసేస్తే ఏమీ మిగలని పేరా ఉంటే, అక్కడ ఇంకా అడగవలసినది ఉందని అర్థం. ఆమె కోపాలు, పంతాలు కూడా రావాలి. ముఖ్యంగా ఆయన రిటైరై వచ్చిన తొలి ఏడాదిని దాటవేయకండి. పదిహేడేళ్లు ఇంటిని ఒంటిచేత్తో నడిపిన మనిషి వంటింట్లోకి నలభై ఏళ్ల హవల్దారు వచ్చి ఉప్పు డబ్బా ఎక్కడ ఉండాలో చెప్పడం మొదలుపెడితే ఏమవుతుందో, సైనిక కుటుంబాల వారికి నేను వివరించనక్కరలేదు. మా ఇంట్లో ఉప్పు డబ్బా మూడు నెలలు రెండు చోట్ల ఉండేదట. బిడ్డను పోగొట్టుకోవడం, టెలిగ్రాం ఆలస్యంగా అందడం వంటి వాటిని మాత్రం దగ్గరివాళ్లకు ముందుగా చదివి వినిపించి, వారు వద్దంటే వదిలేయండి.

నాయనమ్మగా ఆమె రోజులు మీకే తెలుసు గనుక వాటిని తేలిగ్గా రాయగలరు. పెన్షన్ ఆగకుండా బతికే ఉన్నానని చూపే లైఫ్ సర్టిఫికెట్ కోసం ఏటా నవంబరులో బ్యాంకుకు వెళ్లడం, ఎముకలు కొరికే చలి ఎరుగని ఊళ్లో మనవలందరికీ ఉన్ని స్వెటర్లు అల్లడం, క్వార్టర్స్‌లో పంజాబీ పొరుగామె దగ్గర నేర్చుకున్న హిందీలో కూరగాయల బేరం ఆడటం వంటివి రెండు మూడు చాలు. భర్త పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షన్ పాస్‌బుక్కు చేతికి వచ్చిన రోజు సంగతి తప్పక కనుక్కోండి. ఎందరికో తమ పేరున తెరిచిన మొదటి ఖాతా అదే.

చివరగా లిపి సంగతి. మా మనవలలో చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ, ఒడియా బడిలో చదివినందువల్ల తెలుగు చదవలేరు. అందుకని నేను ఎడమ పేజీలో తెలుగు లిపిలో, కుడి పేజీలో అదే తెలుగును ఒడియా లిపిలో రాయించాను. ఒడియాలోకి అనువాదం చేయిస్తానని మా తమ్ముడు అన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఆమె మాట ఆమె భాషలోనే పిల్లల నోటికి రావాలి. పెద్దకర్మ నాడు చదవడానికి ఒక్క పేజీ చాలు, పుస్తకం పనిని సంవత్సరీకం దాకా సాగనివ్వండి. ప్రతులు బిడ్డకొకటి చొప్పున తీయించి, ఒకటి అదనంగా ఎండిన వేపాకు వేసి ఆ ట్రంకు పెట్టెలోనే పెట్టండి. పెట్టె మూత మీద ఆమె పేరు కూడా రాయించండి; పెయింటరు ఎంత తీసుకుంటాడని అడిగితే, మా దగ్గర టీ మాత్రమే తాగి వెళ్లాడు.