అన్నీ ఎడమకే చూసే మొహాలు

నా పాత స్కెచ్‌బుక్‌లో అనిమే (జపాన్ కార్టూన్) పద్ధతిలో గీసిన 62 మొహాలున్నాయి. ఓ రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. వాటిలో 58 ఎడమకే చూస్తున్నాయి. చాలావాటికి జుట్టు ఒక కంటిమీద పడి ఉంది. చేతులు జేబుల్లో ఉన్నాయి, లేదంటే వీపు వెనక ఉన్నాయి. మూడేళ్లు రోజూ గీసినా బొమ్మ ఎందుకు మెరుగుపడలేదో అప్పుడు అర్థమైంది. వచ్చినదాన్నే మళ్ళీ మళ్ళీ గీస్తూ వచ్చాను. కుడిచేతి వాటం వాళ్లలో చాలామందికి ఎడమకు తిరిగిన మొహమే సులువుగా వస్తుంది, చేయి అటే వంపు తిరుగుతుంది కాబట్టి.

మీరూ ముందు ఈ పని చేయండి. మీరు ఈమధ్య గీసిన 20 బొమ్మలు పరిచి, ఏమేం గీయకుండా తప్పించుకున్నారో రాసుకోండి. పాదాలా? పక్కనుంచి కనిపించే ముక్కా? పైకెత్తిన గడ్డమా? వచ్చే నెలంతా ప్రాక్టీస్ చేయాల్సినవి అవే.

ఎలా ప్రాక్టీస్ చేయాలంటే, నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన పద్ధతి చెబుతాను. నచ్చిన మాంగాలోంచి, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకంలోంచి, ఒక బొమ్మ చూసి గీస్తాను. పుస్తకం మూసేసి, అదే బొమ్మను గుర్తున్నంతవరకు మళ్ళీ గీస్తాను. తర్వాత పుస్తకం తెరిచి ఎర్ర పెన్సిల్‌తో తప్పులు దిద్దుతాను. చూసి గీసింది బాగానే వస్తుంది, దాంతో నేర్చేసుకున్నాం అనిపిస్తుంది. మనకు నిజంగా ఎంత వచ్చో రెండో బొమ్మ చెబుతుంది. మొదటిసారి చేసినప్పుడు నా రెండో బొమ్మలో చెవి కణత పైకి ఎక్కిపోయింది, మెడ గడ్డం కిందనుంచి స్తంభంలా దిగింది. పుస్తకంలో చూస్తే చెవి కనుబొమ్మకూ ముక్కు కింది అంచుకూ మధ్యలో, దవడ వెనక ఉంది. మెడ భుజాల నుంచి తలవైపు కాస్త ముందుకు వాలి ఉంది. ఆ రెండు తప్పులూ నేను మళ్ళీ చేయలేదు. ఒక మాట: ఇలా చూసి గీసినవి ఎవరికైనా చూపిస్తే, అసలు బొమ్మ ఎవరిదో తప్పకుండా చెప్పండి.

ఇక తల సంగతి. చాలామంది కళ్ళతో మొదలుపెడతారు, నేనూ అలాగే చేసేదాన్ని. రెండు అందమైన కళ్ళు వేసి, వాటి చుట్టూ తలను సర్దడానికి తంటాలు పడేదాన్ని. ముందు ఒక గుండ్రం గీయండి. దాని రెండు పక్కలూ చెక్కేసినట్టు ఊహించుకోండి, అవి కణతలు. కింద దవడ తగిలించండి. ముక్కు మీదుగా ఒక నిలువు గీత, కళ్ళ దగ్గర ఒక అడ్డగీత వేయండి. తల పైకెత్తితే అడ్డగీత పైకి వంగుతుంది, దించితే కిందికి వంగుతుంది. నిజం మనిషికి కళ్ళు తల ఎత్తులో దాదాపు సగం దగ్గర ఉంటాయి. అనిమే పాత్రలకు తరచుగా ఇంకాస్త కిందికి ఉంటాయి, అందుకే చిన్నవాళ్లలా కనిపిస్తారు. పెద్దవాళ్లను గీయాలంటే కళ్ళు చిన్నవి చేసి, కాస్త పైకి జరిపి, ముక్కూ దవడా పొడుగు చేయండి. పై రెప్ప గీత మందంగా, కింది గీత సన్నగా ఉంచండి. కంట్లో మెరుపు చుక్క రెండు కళ్ళలోనూ వెలుగు వచ్చే వైపే పడాలి.

జుట్టు గీసే ముందు పుర్రె పూర్తిగా గీసి ఉండాలి. జుట్టుకు మందం ఉంటుంది కాబట్టి దాన్ని పుర్రె గీత మీద కాకుండా కొంచెం ఎత్తుగా వేయాలి. తర్వాత సుడి ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, అక్కడినుంచి పాయలు పాయలుగా కిందికి దించండి. ఒక్కో వెంట్రుకా గీస్తే గడ్డిలా అవుతుంది. మూడు నాలుగు పెద్ద పాయలు, వాటి మధ్య ఒకటి రెండు సన్నవి చాలు.

ఒంటికి కొలత తలే. నిజం మనిషి సుమారు ఏడు, ఏడున్నర తలల ఎత్తుంటాడు. చిబి బొమ్మలు, అంటే పెద్ద తల, చిన్న ఒళ్లు ఉండే బుజ్జి బొమ్మలు, రెండు మూడు తలలతో అయిపోతాయి. మీ పాత్ర ఎన్ని తలలో ముందే తేల్చుకోకపోతే ప్రతి బొమ్మలోనూ ఎత్తు మారిపోతుంది. పోజుల కోసం టైమర్ పెట్టుకుని, ఫొటోలు చూస్తూ 30 సెకన్లకు ఒకటి చొప్పున పది గీయండి. వేళ్ళూ మొహాలూ వద్దు, వెన్ను ఎటు వంగింది, బరువు ఏ కాలిమీద ఉంది, అంతే చాలు. అవి అందంగా ఉండవు, ఉండక్కర్లేదు కూడా.

చేతులకు భయపడకండి. గీయని చేయి ఎప్పుడూ మన ఎదురుగానే ఉంటుంది, అంతకన్నా మంచి మోడల్ దొరకదు. అరచేతిని పలకలా గీసి, బొటనవేలి కండను విడిగా తగిలించండి. చేతిని వెనకనుంచి చూస్తే మధ్యవేలు, మెటిక నుంచి కొన వరకు, మొత్తం చేతిలో దాదాపు సగం. గడ్డం దగ్గర మణికట్టు ఆనించి చూడండి, వేళ్ళు ఇంచుమించు నుదుటి పైదాకా వస్తాయి. నేను మొహాలకు అతికించిన చిన్న చిన్న చేతులన్నీ ఈ ఒక్క కొలతతో సరిపోయాయి.

గీత వణుకుతుంటే, పొడుగు గీతలకు మణికట్టు ఆపి భుజం నుంచి చేయి కదపండి. పెన్ను ఆనించకుండా గాల్లో రెండుసార్లు తిప్పి, మూడోసారి గీయండి. కాగితాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పుకోవచ్చు. ట్యాబ్లెట్ వాడేవాళ్లు బొమ్మను అడ్డంగా ఫ్లిప్ చేసి చూడండి. కాగితమైతే వెనక్కి తిప్పి దీపానికి ఎదురుగా పట్టుకోండి. ఒక కన్ను జారిపోయి ఉంటే వెంటనే కనిపిస్తుంది. పెన్సిల్‌తో మొదలుపెట్టండి, సామాను గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

కొన్ని వారాలయ్యాక ఒక పేజీ మాంగా గీసి చూడండి. జపాన్‌లో మాంగా గీసేవాళ్లు ముందు ‘నేమ్’ అనే కచ్చా చిత్తు వేసుకుంటారు: గళ్ళు, మాటలు, ఎవరు ఎక్కడ ఉంటారు, అంతవరకే. మీరూ పుల్లల బొమ్మలతో అదే చేయండి. జపాన్ మాంగాను కుడినుంచి ఎడమకు చదువుతారు. అక్కడి మాటలు ఎక్కువగా నిలువుగా రాస్తారు కాబట్టి మాటలు రాసే బెలూన్లు కూడా పొడుగ్గా ఉంటాయి. మన అక్షరాలు ఎడమనుంచి కుడికి నడుస్తాయి, ఒత్తులకు కింద చోటూ కావాలి. అందుకే గళ్ళను ఎడమనుంచి పేర్చి, బెలూన్లు వెడల్పుగా వేయండి. మాటలు ముందు రాసి, వాటి చుట్టూ బెలూన్ గీయండి.

నా మొదటి పేజీలో నాలుగు గళ్ళు. ఒకమ్మాయి తలుపు తీస్తుంది, బయట వాన, గొడుగు వెతుకుతుంది, వెళ్ళిపోతుంది. నాలుగో గడిలో ఆమెను వెనకనుంచి చూపించాలి. నా 62 మొహాల్లో అలాంటిది ఒక్కటీ లేదు. ఈ వారమంతా వెనకనుంచి కనిపించే మెడే గీస్తున్నాను.