రేణిగుంట చుట్టుపక్కల డ్రోన్ ఎగరేసే ముందు

ముంబై జుహూ నుంచి సముద్రంలోని బాంబే హై చమురు రిగ్గులకు వెళ్లే హెలికాప్టర్ల దగ్గర మెకానిక్‌గా చేసి, రిటైరయ్యాక తిరుపతి ఎయిర్‌పోర్టు ఉన్న రేణిగుంటలో ఉంటున్నాను. ముహూర్తాల రోజుల్లో మా వీధి మీద పెళ్లి డ్రోన్లు ఎగురుతుంటాయి. ఆ వీడియో కుర్రాళ్లకు చెప్పే మాటలే ఇవి.

పైలట్‌కు మీ డ్రోన్ కనబడుతుందని అనుకోవద్దు. గంటకు 250 కిలోమీటర్ల వేగంతో వచ్చే హెలికాప్టర్ 2 కిలోమీటర్లను అర నిమిషంలో దాటేస్తుంది. తప్పుకోవాల్సింది మీరే.

2009 జనవరి 4న అమెరికాలోని లూసియానాలో ఆయిల్ ప్లాట్‌ఫామ్‌కు బయల్దేరిన ఎస్-76 హెలికాప్టర్ ముందు అద్దాన్ని ఒక డేగ ఢీకొట్టింది. బరువు కిలో చిల్లర. ఆ అదురుకు పైనున్న ఇంజిన్ లివర్లు వెనక్కి జరిగి, రెండు ఇంజిన్లకూ ఇంధనం తగ్గిపోయింది. తొమ్మిది మందిలో ఎనిమిది మంది చనిపోయారు. పక్షి అంటే మెత్తటి ఒళ్లు. డ్రోన్‌లో బ్యాటరీ, మోటార్లు ఉంటాయి. నాకు డ్రోన్ అంటేనే ఎక్కువ భయం.

అందుకే ముందు డిజిటల్ స్కై మ్యాప్, అంటే డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్, చూడండి. ఎయిర్‌పోర్టు సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా నేల మీంచి లేపకూడదు. 8 నుంచి 12 దాకా 200 అడుగులు, గ్రీన్ జోన్‌లో (మ్యాప్‌లో ఆకుపచ్చగా కనబడే, అనుమతి అక్కర్లేని చోటు) మిగతా చోట్ల 400 అడుగులు దాటొద్దు. కొండ మీద, అంటే తిరుమలలో, అసలు ఎగరేయొద్దు. వీఐపీ వస్తున్నారంటే ఆ రోజు సంగతి పోలీసులను అడగండి.

పక్కన ఒక మనిషిని పెట్టుకోండి. అతని పని ఆకాశం చూడటం, చెవులు రిక్కించి వినడం, అంతే. మీరు స్క్రీన్ చూస్తూ ఉంటారు కదా నాయనా, హెలికాప్టర్ చప్పుడు మీకు ఆలస్యంగా తెలుస్తుంది. వినబడగానే షాట్ వదిలేసి దించేయండి. ‘ఇంకా దూరంగా ఉందిలే’ అని గాల్లో ఆపి చూడొద్దు. 2017 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర ఒక డ్రోన్ వెళ్లి సైన్యం హెలికాప్టర్ రెక్కకు తగిలింది. ఎగరేసినతను దాన్ని కంటికి కనబడనంత దూరం, దాదాపు 4 కిలోమీటర్లు పంపాడు. గుద్దుకున్నట్టు కూడా అతనికి తెలియలేదు. హెలికాప్టర్ క్షేమంగా దిగింది.

సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తాను పైకి లేచి వెనక్కొస్తుంది. ఎంత ఎత్తుకు లేవాలో లేపకముందే సెట్ చేయండి. చుట్టుపక్కల చెట్లు, సెల్ టవర్లు దాటితే చాలు.

గద్దలు తిరుగుతుంటే దించి ఆగండి. అవి వచ్చేది మాంసం వ్యర్థాలకు. ఎయిర్‌పోర్టుకు 10 కిలోమీటర్ల లోపు చెత్త పారేయడం చట్టరీత్యా నేరం. మండపం వాళ్లతో మాట్లాడి, విస్తళ్లు, మిగిలిన కూరలు మూత ఉన్న డబ్బాల్లో పోయించండి.

చలికాలంలో సూళ్లూరుపేట వైపు పని పడితే నేలపట్టు పక్షుల అభయారణ్యం దగ్గర అసలు ఎగరేయకండి. అక్కడి గూడబాతు నాలుగు కిలోలకు పైనే తూగుతుంది. పక్షి ఢీకొంటే తట్టుకుంటాయా అని పెద్ద హెలికాప్టర్లను పరీక్షించేది కిలో పక్షితోనే. మీ డ్రోన్‌కు బెదిరి గుంపు లేచిందంటే అవి ఎటు పోతాయో ఎవరూ చెప్పలేరు.