ఇంట్లో సీఎన్‌సీ రౌటర్: మొదటి బిట్టు తిరగకముందే చూసుకోవలసినవి

సీఎన్‌సీ రౌటర్ అంటే కంప్యూటర్ చెప్పిన దారిలో బిట్టును, అంటే గిర్రున తిరిగే కోత పనిముట్టును, నడిపి చెక్క కోసే యంత్రం. కంపెనీ యంత్రం షెడ్డు దాటేలోపు ఎవరో ఒకరు దాన్ని నడిపి, ఆపి, మళ్లీ నడిపి చూసి ఉంటారు. ఇంట్లో తయారుచేసుకున్న యంత్రానికి ఆ పరీక్ష చేయవలసింది మనమే, అదీ చేతులు దాని పక్కనే పెట్టుకుని. పూజగది తలుపుకు జాలీ కోసుకుందామనో, పేరు పలకలు చెక్కి అమ్ముకుందామనో ఈ పనికి దిగేవారి కొనుగోలు చీటీ చూడండి. మోటార్లు, పట్టాలు, స్పిండిల్ (బిట్టును తిప్పే మోటారు) పైన ఉంటాయి. అత్యవసరంగా ఆపే బటన్ అడుగున ఉంటుంది, లేదంటే డబ్బు సరిపోక వచ్చే నెలకు వాయిదా పడుతుంది. ఆ చీటీని తలకిందులు చేయండి. ఆపే ఏర్పాటు పూర్తయ్యేవరకు తిప్పే ఏర్పాటు జోలికి వెళ్లవద్దన్నదే నా మొదటి మాట.

కొనేటప్పుడు

ఏం కోయబోతున్నారో ముందు తేల్చుకోండి. చెక్క, ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో అదిమి చేసిన పలక) కోసే యంత్రం వేరు, అల్యూమినియం కోసే యంత్రం వేరు. రెండూ ఒకదానితోనే అయిపోవాలనుకుంటే ఖర్చు రెండింతలవుతుంది, పని మాత్రం సగమే అవుతుంది. పరిమాణం విషయంలోనూ ఆశ తగ్గించుకోవాలి. ప్లైవుడ్ షీటు మొత్తం పట్టాలని ఎనిమిది అడుగుల బల్ల గీసేవాళ్లు ఒక లెక్క మరచిపోతుంటారు. అదే కమ్మిని రెండింతల పొడవు చేస్తే, అదే బరువుకు వంగడం రెండింతలు కాదు, ఎనిమిదింతలు. మొదటి యంత్రానికి రెండడుగుల చదరం చాలు.

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవారికి సరుకు దొరికే దారి దాదాపు తెలిసిందే. బేరింగులు, బోల్టులు, ఇనుప సామానుకు రాణిగంజ్. ఎలక్ట్రానిక్స్‌కు కోఠిలోని గుజరాతీ గల్లీ. ప్లేట్లు మిల్లింగ్ చేయించడానికి, అంటే చదునుగా చెక్కించడానికి, బాలానగర్ వర్క్‌షాపులు. విజయవాడ వైపువారికి ఆటోనగర్ ఉంది. ఎక్కడికి వెళ్లినా జేబులో వెర్నియర్ కాలిపర్, చిన్న మల్టీమీటర్ ఉండాలి. కొట్టులో కొలిస్తే బాగుండదని మొహమాటపడితే, కొలవవలసిన పని ఇంటికి వచ్చాక ఎలాగూ తప్పదు. అప్పుడు వస్తువు వాపసు తీసుకోరు.

బాల్ స్క్రూ (తిరుగుతూ నట్టును ముందుకూ వెనక్కూ జరిపే మరల కమ్మి) కొనేవారు 1605, 1610 అనే రెండు అంకెలను కలిపేసుకోకూడదు. రెండింటి లావూ 16 మి.మీ. మొదటిది ఒక చుట్టుకు 5 మి.మీ. జరుగుతుంది, రెండోది 10 మి.మీ. చూపుకు తేడా తెలియదు కాబట్టి నట్టును ఒక చుట్టు తిప్పి, ఎంత జరిగిందో కొలిచి చూడండి. అలా తిప్పేటప్పుడు నట్టును స్క్రూ చివర దాటించారో, లోపలి గోళీలన్నీ నేల మీద ఉంటాయి. వాటిని తిరిగి ఎక్కించడం అంత తేలిక కాదు. లీనియర్ పట్టాల మీద జారే బండ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. పాత యంత్రం నుంచి తీసిన పట్టా చవకగా దొరికితే బండిని వేలితో మెల్లగా తోయండి. ఎక్కడైనా తట్టుకుంటున్నట్టు అనిపిస్తే ఎంత చవక అయినా వదిలేయండి.

విదేశీ వీడియోలు చూసి తయారుచేసేవారికి ఇంకో చిక్కు ఉంది. వాటిలో చూపించే సామానులో చాలా భాగం చైనా ఆన్‌లైన్ దుకాణమైన అలీఎక్స్‌ప్రెస్‌లో దొరికేది. 2020 నవంబరులో మన ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. ఇప్పుడు ఇక్కడి దుకాణాల్లోనో, వెబ్‌సైట్లలోనో ‘దాదాపు అలాంటిదే’ కొంటాం. ఆ ‘దాదాపు’లోనే రంధ్రాల మధ్య దూరం రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. అందుకని డ్రాయింగు ఎంత ముద్దుగా ఉన్నా, వస్తువులన్నీ చేతికి వచ్చి కొలిచేదాకా ప్లేట్లకు రంధ్రాలు వేయించకండి.

ఫ్రేముకు వెల్డింగ్ చేయించేవారు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వెల్డింగ్ వేడికి ఇనుప గొట్టం తప్పకుండా ఎంతో కొంత వంగుతుంది. వంకర ముఖం మీద పట్టా బిగిస్తే పట్టా కూడా ఆ వంకరే పోతుంది, బండి బిగుసుకుంటుంది. వెల్డింగ్ అంతా అయ్యాక, పట్టా కూర్చునే ముఖాన్ని మిల్లింగ్ చేయించండి. ఆ డబ్బు మిగుల్చుకుంటే నెలల తరబడి రేకుముక్కలు దోపుతూ కూర్చోవాలి.

కరెంటు

ఈ పనిలో వేళ్లు తెగుతాయని అందరూ భయపడతారు. నాకు అంతకన్నా భయం 230 వోల్టులంటే.

మోటార్లకు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా పక్కన, చాలా వాటికి, లోపలికి దిగి ఉన్న చిన్న స్విచ్ ఉంటుంది. అది ఒకవైపు 110, మరోవైపు 220 చూపిస్తుంది. 110 వైపు ఉండగా మన ఇంటి ప్లగ్గులో పెడితే డబ్బా పేలిపోతుంది. ప్లగ్గు పెట్టకముందే టార్చి వేసి చూడండి.

తర్వాత డ్రైవర్లు, అంటే మోటార్లను నడిపే సర్క్యూట్లు. టీబీ6600 రకం గరిష్ఠంగా 42 వోల్టులు తట్టుకుంటుంది. డీఎం542 రకానికి ఆ హద్దు 50. చవకగా దొరికిందని 48 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ తెచ్చి టీబీ6600కు కలిపితే అది బతకదు. డీఎం542కు కూడా 48 అంచు మీద నడకే. మోటారు వేగం తగ్గేటప్పుడు వెనక్కి కరెంటు తోస్తుంది, వోల్టేజి ఇంకా పెరుగుతుంది. రెండింటికీ 36 వోల్టులు తీసుకుంటే హాయి. ఇక ఆర్డుయినో (యంత్రాన్ని నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు) మీద కూర్చునే ఏ4988 డ్రైవర్ చిప్పులు నేమా 17 అనే చిన్న సైజు మోటార్లకు సరిపోతాయి. మూడు యాంపులు లాగే పెద్ద సైజు నేమా 23కు అవి చాలవు. ఏ డ్రైవరైనా సరే, కరెంటు ఉండగా మోటారు వైరు ఊడదీయకండి. ఆ ఒక్క క్షణంలో డ్రైవరు కాలిపోవచ్చు. వదులుగా ఉన్న కనెక్టర్ కూడా అదే పని చేస్తుంది.

వీఎఫ్‌డీతో (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి వేగం మార్చే డబ్బాతో) నడిచే స్పిండిల్ కొంటున్నవారు ఇక్కడ ఇంకాస్త నిలవాలి. ముందుగా ఎర్తింగ్. కొన్ని చవక స్పిండిళ్లలో నాలుగో పిన్ను ఉంటుంది కానీ లోపల దేనికీ కలిసి ఉండదు. ఆ పిన్నుకూ స్పిండిల్ ఒంటికీ మధ్య మల్టీమీటర్‌ను బీప్ మోగే అమరికలో పెట్టండి. మోగకపోతే ఒంటికి విడిగా ఎర్త్ వైరు బిగించాలి. యంత్రం ఫ్రేముకు కూడా వేయాలి. అసలు మీ ఇంటి మూడో పిన్నులో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో ఆ రంధ్రం అలంకారంగా మిగిలిపోయిన చోట్లు తక్కువేమీ కాదు. వీఎఫ్‌డీ కలిపాక ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) మాటిమాటికీ పడిపోతుంటే దాన్ని తీసేసి నేరుగా కలిపే సలహా తప్పకుండా వస్తుంది. వినకండి. వీఎఫ్‌డీకి తగిన రకం ఆర్‌సీసీబీ వేయించుకోండి.

నిమిషానికి 24,000 చుట్ల స్పిండిల్ పూర్తి వేగానికి 400 హెర్ట్జ్ కావాలి. వీఎఫ్‌డీలో ముందుగా ఉండే అమరిక చాలాసార్లు 50 హెర్ట్జ్. స్పిండిల్ మీది చీటీ చూసి ఫ్రీక్వెన్సీ, వోల్టేజి, యాంపులు నింపిన తర్వాతే తిప్పాలి. స్విచ్ ఆపిన వెంటనే వీఎఫ్‌డీ మూత తీయకండి. లోపలి కెపాసిటర్లు ఖాళీ కావడానికి పది నిమిషాలైనా ఇవ్వండి. 6 యాంపుల ప్లగ్గు నుంచి వచ్చేది 1,380 వాట్లే. కాబట్టి కిలోవాటున్నర స్పిండిల్‌కు పెద్ద ప్లగ్గు, దానికి తగ్గ వైరు తప్పవు. నీళ్లతో చల్లబడే రకమైతే బోరు నీళ్లు పోయవద్దు, లోపల సున్నం పేరుకుంటుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. పంపు తిరగకుండా స్పిండిల్ తిరగని విధంగా ఏర్పాటు చేసుకోండి.

ఇక కరెంటు పోవడం. పోవడంలో నష్టం కోస్తున్న చెక్క, మహా అయితే ఒక బిట్టు. ప్రమాదం తిరిగి రావడంలో ఉంది. స్పిండిల్ బదులు చేతి ట్రిమ్మర్ (వడ్రంగులు చేత్తో పట్టుకుని వాడే చిన్న రౌటర్) బిగించుకున్నవారు అందరికన్నా జాగ్రత్తగా ఉండాలి. దాని స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది. కరెంటు పోయిందని మీరు బిట్టు దగ్గర చేయి పెట్టి పొట్టు దులుపుతుంటారు. కరెంటు వస్తుంది. పొలంలో బోరు మోటారుకు రైతు ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టుకుంటాడు, కరెంటు రాగానే నీళ్లు రావాలి కాబట్టి. మనకు దానికి సరిగ్గా వ్యతిరేకమైనది కావాలి. పచ్చ బటన్ నొక్కితేనే అంటుకుని, కరెంటు పోతే వదిలేసి, మళ్లీ నొక్కేదాకా అంటుకోని కాంటాక్టర్ అనే స్విచ్. ట్రిమ్మర్‌కూ మోటార్ల ఎస్‌ఎంపీఎస్‌కూ కరెంటు దీని గుండానే వెళ్లాలి.

ఎర్ర పుట్టగొడుగు బటన్‌ను కూడా ఆ కాంటాక్టర్ కాయిల్ వరుసలోనే కలపండి. మామూలుగా కలిసి ఉండి, నొక్కితే విడిపోయే రకం తీసుకోండి. వైరు తెగినా యంత్రం ఆగుతుంది. లిమిట్ స్విచ్‌లకూ (బండి పట్టా చివరికి వస్తే ఆపేవి) ఇదే పద్ధతి. కంప్యూటర్ తెర మీద కనిపించే ఎర్ర బొమ్మ ఎమర్జెన్సీ స్టాప్ కాదు. యూఎస్‌బీ కేబుల్ ఊడినా, కంప్యూటర్ నిద్రపోయినా అది ఉత్త బొమ్మే.

మొదటిసారి

బాల్ స్క్రూ వాడినవారు స్పిండిల్ కింద ఒక చెక్కముక్క పెట్టాకే కరెంటు ఆపాలి. మోటారు పట్టు వదలగానే స్పిండిల్ తన బరువుకు తానే కిందికి దిగుతుంది.

మొదటి రోజు బిట్టు వద్దు. దాని స్థానంలో మార్కర్ పెన్ను కట్టి 200 మి.మీ. చదరం గీయించండి. రెండు కర్ణాలూ 282.8 మి.మీ. రావాలి. భుజాలు సరిగ్గా ఉండి కర్ణాలు రెండూ తేడాగా వస్తే గ్యాంట్రీ (స్పిండిల్‌ను మోసే అడ్డ దూలం) వంకరగా ఉందని అర్థం. భుజాల కొలతే తప్పితే జీఆర్‌బీఎల్‌లో (ఆర్డుయినోలో నడిచే కంట్రోల్ ప్రోగ్రాంలో) మిల్లీమీటరుకు మోటారు స్టెప్పుల లెక్క చూడండి. 1605 స్క్రూకు, ఎనిమిదో వంతు మైక్రోస్టెప్పులతో (ప్రతి స్టెప్పునూ ఎనిమిది భాగాలు చేస్తే) ఆ అంకె 320. చదరం పాతిక రెట్లు పెద్దదిగా గీయడానికి పరుగెత్తితే ఫైలు అంగుళాల్లో ఉందన్నమాట. ఫైలులోని ఆదేశాల్లో జీ20 అంటే అంగుళాలు, జీ21 అంటే మిల్లీమీటర్లు.

కోసేటప్పుడు

కొల్లెట్ (బిట్టు కాడను పట్టి ఉంచే బిగింపు) గురించి ఒక్కటే, కానీ ముఖ్యమైనది. 6 మి.మీ. కాడ ఉన్న బిట్టు, పావు అంగుళం అంటే 6.35 మి.మీ. కాడ ఉన్న బిట్టు కంటికి ఒకేలా ఉంటాయి. పెద్ద కొల్లెట్‌లో చిన్న కాడ బిగిస్తే బిగిసినట్టే అనిపిస్తుంది, నిమిషానికి ఇరవై వేల చుట్ల దగ్గర జారిపోవచ్చు. ఈఆర్ రకం కొల్లెట్‌ను ముందు నట్టులో టక్కుమనేలా కూర్చోబెట్టి, ఆ తర్వాతే స్పిండిల్‌కు ఎక్కించాలి.

భయంతో మరీ మెల్లగా కోయడం కూడా మంచిది కాదు. రెండు అంచుల బిట్టు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ, అంచుకు 0.05 మి.మీ. చొప్పున చెక్క తీయాలంటే నిమిషానికి 1,800 మి.మీ. నడవాలి. అంతకు చాలా తక్కువైతే బిట్టు కోయదు, రాస్తుంది. చెక్క నల్లబడుతుంది, నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వ పొట్టు లాగే గొట్టంలో నుంచి సంచిలోకి చేరితే మంట మీరు అన్నం తింటున్నప్పుడు బయటపడుతుంది. యంత్రం నడుస్తుండగా గది వదలకండి. పని అయ్యాక పొట్టు సంచిని ఇంటి బయట పెట్టండి. మంటలార్పే సిలిండర్ గుమ్మం దగ్గర ఉండాలి, యంత్రం వెనక కాదు.

చెక్కపొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఎండీఎఫ్ పొడిలో దానికి తోడు జిగురు కూడా ఉంటుంది. చేతిరుమాలు కట్టుకుంటే ఆగేది కాదు, ఎన్95 మాస్కు కావాలి. కళ్లద్దాలు, చెవులకు మూతలు సరే. చేతి తొడుగులు మాత్రం వద్దు. బిట్టుకు చిక్కిన తొడుగు వేలిని కూడా లాక్కుపోతుంది. చున్నీ, మెడలో తువ్వాలు, గొలుసు, మణికట్టుకు కట్టుకున్న తాడు, వదులు చేతుల చొక్కా, అన్నీ గది బయటే. గాజులు కూడా.

నెలకొకసారి కప్లింగుల (మోటారునూ స్క్రూనూ కలిపేవి) చిన్న స్క్రూలు, గ్యాంట్రీ బోల్టులు వదులయ్యాయేమో చూడండి. బిగించిన ప్రతి బోల్టు మీదా పెయింటుతో ఒక గీత పెట్టుకుంటే కదిలినది వెంటనే తెలుస్తుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో పట్టాలకు నూనె మానితే తుప్పు పడుతుంది. వానాకాలంలో బల్ల మీది ఎండీఎఫ్ తేమ పీల్చి ఉబ్బుతుంది. వానలు తగ్గాక దాన్ని యంత్రంతోనే ఒక పొర చెక్కించి సమం చేసి, చదరం మళ్లీ గీయించి కర్ణాలు కొలిచి చూసుకోండి.