మార్చి నెలలో మాడుకింత నూనె

మార్చి వచ్చిందంటే నాకు రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. అకౌంట్స్ ఉద్యోగం కదా, మూడు రూపాయల తేడా కూడా కలలోకి వస్తుంది. ఆ నెలంతా ఆదివారాలు ఒళ్ళంతా నూనె పట్టించుకుంటాను. మిగతా రోజుల్లో పడుకోబోయే ముందు మాడుకీ, అరికాళ్ళకీ మాత్రమే. ఆయుర్వేదంలో దీన్ని అభ్యంగం అంటారు. అష్టాంగహృదయం అనే పాత ఆయుర్వేద గ్రంథం రోజూ చేసుకోమంటూనే తల, చెవులు, పాదాల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమంటుంది. నా అనుభవంలోనూ సగం పని పాదాలదే.

నూనెకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. గానుగలో ఆడించిన నువ్వుల నూనె చాలు, ఒంటికి అరకప్పు కూడా పట్టదు. వేడి చేస్తుందనుకునేవాళ్ళు ఎండాకాలం కొబ్బరినూనె వాడుకుంటారు. ఒకసారి ఖరీదైన మూలికల తైలం కొన్నాను. వాసన అద్భుతం, నిద్ర మాత్రం పాతదే.

గిన్నెని నేరుగా స్టవ్ మీద పెట్టకండి. నూనె ఎంత కాగిందో పైకి తెలియదు, నా వేళ్ళు అలాగే కాలాయి. వేడినీళ్ళలో చిన్న స్టీలు గిన్నె దించి ఐదు నిమిషాలు ఉంచి, మణికట్టు లోపలివైపు చుక్క వేసి చూసుకోండి. గోరువెచ్చగా ఉండాలి, అంతే.

పాత దుప్పటి పరిచి, ఫోన్ వేరే గదిలో పెట్టి కూర్చోండి. ముందు మాడు మీద రెండు చెంచాలు పోసి, వేళ్ళ కొసలతో మెల్లగా కణతల దాకా రావాలి. చేతులకీ కాళ్ళకీ పైకీ కిందికీ పొడవుగా, మోకాళ్ళకీ మోచేతులకీ గుండ్రంగా, పొట్టకి గడియారం ముల్లు తిరిగే వైపు. తొందరగా రుద్దితే ఒళ్ళు వేడెక్కుతుందే గానీ మనసు నెమ్మదించదు.

ఇక పాదం. మడమ దగ్గర బొటనవేలు ఆనించి, అరికాలి గుంట మీదుగా వేళ్ళ దాకా ఒకే ఒత్తిడితో జరపాలి. వేళ్ళ సందులు వదలకూడదు. ఎడమ గుంటలో ఒకచోట నొక్కగానే నాకు ఆవలింత వస్తుంది. ఎందుకో తెలియదు, రోజూ అక్కడే వస్తుంది. ఒక్కో పాదానికి ఐదేసి నిమిషాలు ఇవ్వండి. రాత్రిపూటైతే తుడిచి, పాత సాక్సు తొడుక్కుని పడుకోవడమే.

ఆదివారమైతే అరగంట ఆగి, తలకి కుంకుడు రసం, ఒంటికి సున్నిపిండి. నూనె కాళ్ళతో టైల్స్ మీద నడవకండి. బాత్రూమ్ గుమ్మంలో జారి పడి వారం రోజులు కుంటుతూ తిరిగాను. టెన్షన్ తగ్గించుకోబోయి తెచ్చుకున్న నొప్పి!

జ్వరం, జలుబు, అజీర్తి ఉన్నప్పుడూ, తిన్న వెంటనే కూడా వద్దు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే రుద్దకుండా డాక్టర్‌కి చూపించండి, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. గర్భిణులు ముందుగా డాక్టర్ని అడగాలి. నిద్రలేమి వారాల తరబడి సాగితే నూనె మీద భారం వేయకండి.

నుదుటి మీద ధారగా పోసే శిరోధార ఇంట్లో చేసే పని కాదు. దానికి కదలకుండా పడుకోవాలి, పక్కన తెలిసినవాళ్ళుండాలి.

ఇంకొకటి, నూనె తువ్వాలు మిగతా బట్టలతో కలిపి ఉతక్కండి. మా ఇంట్లో ఆ గొడవ ఇంకా చల్లారలేదు.