కొండ మీద తవ్వకానికి వెళ్ళే ముందు

తొట్లకొండ, బావికొండ. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో ఉన్న ఈ రెండు బౌద్ధ క్షేత్రాల పేర్లూ నీటి వల్ల వచ్చినవే. రాతిలో తొలిచిన తొట్లు ఒకదానికి పేరు పెట్టాయి, బావులు రెండోదానికి పెట్టాయి. ఎదురుగా అంత సముద్రం కనిపిస్తున్నా తాగడానికి చుక్క దొరకని చోట, రెండు వేల ఏళ్ళ కిందటి భిక్షువులు వాననీటిని పట్టి దాచుకుని బతికారు. రాష్ట్ర పురావస్తు శాఖ బావికొండను 1980ల్లో తవ్వింది, తొట్లకొండలో 1988లో పని మొదలుపెట్టింది. ఆ తొట్లను చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఇలాంటి కొండ మీదికి నలభై మందిని పనికి తీసుకువెళ్ళేవాళ్ళం కొలత టేపులూ జల్లెడలూ లెక్కపెట్టుకుంటాం, నీళ్ళ లెక్క మాత్రం వేయం.

పురావస్తు తవ్వకంలో మనుషుల కోసం తీసుకోవలసిన జాగ్రత్తలు ఇవి. అయితే వీటిని నీళ్ళతో కాక, దానికి ముందున్న విషయంతో మొదలుపెడతాను.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక తవ్వకంలో మట్టి తట్టలు మోసే ఒకామె పదకొండు గంటల వేళ కూలబడిపోయింది. నీళ్ళ బిందె నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. ఎందుకు తాగలేదమ్మా అని అడిగితే తల దించుకుంది. పక్కనున్న పెద్దామె చెప్పింది: "తాగితే మళ్ళీ ఎక్కడికి వెళ్ళాలి, బాబూ?" అక్కడ పనిచేస్తున్న ఆడవాళ్ళంతా పొద్దున ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి సాయంత్రం దాకా గుక్కెడు కూడా తాగడం లేదని ఆ రోజే తెలిసింది. పుస్తకంలో మట్టి రంగు దగ్గర నుంచి అన్నీ రాసుకున్నవాణ్ణి, దీన్ని గమనించలేదు.

కాబట్టి ట్రెంచికి, అంటే కొలిచి తవ్వే గుంటకు, మొదటి మేకు కొట్టకముందే మరుగుదొడ్డి సిద్ధం కావాలి. నాలుగు వైపులా తడిక, లోపల గడియ, నీళ్ళ డ్రమ్ము, చెత్తబుట్ట ఉంటే చాలు. తవ్వే చోటికి దూరంగా, పల్లం వైపు, పాత కట్టడాల ఆనవాళ్ళు లేవని చూసుకున్న నేలలో పెట్టాలి. ఖర్చు అంచనాలో దీనికి ఒక పద్దు రాయించండి. రాయని పద్దుకు డబ్బు రాదు.

తర్వాత ఎండ. విశాఖలో థర్మామీటరును నమ్ముకుంటే మోసపోతాం. ఏప్రిల్‌లో 34, 35 డిగ్రీలు చూసి కొత్త విద్యార్థులు "ఫరవాలేదు" అనుకుంటారు. సముద్రపు గాలిలోని తేమకు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ట్రెంచి లోపలికి ఆ గాలి కూడా రాదు. పైన గొడుగు కింద కూర్చుని రాసుకునేవారూ, ఒకటిన్నర మీటరు లోతులో తాపీతో మట్టి గీకేవారూ ఒకే ఎండలో లేరు. పని వేళలు లోపలివారిని బట్టి ఉండాలి. ఆరింటికి మొదలుపెట్టి పదకొండింటికి ఆపండి, మళ్ళీ మూడున్నర దాటాకే దిగండి. మధ్య వేళలో నీడన కుండ పెంకులు కడగడం, సంఖ్యలు వేయడం, పద్దులు రాయడం పెట్టుకుంటే రోజు వృథా కాదు.

ఆరింటికి వచ్చేవారిలో చాలామంది ఏమీ తినకుండా వస్తారు. చోడి (రాగి) అంబలి తాగి వచ్చినవారు నిలబడినంతసేపు టీ తాగి వచ్చినవారు నిలబడలేరు. కుదిరితే ఎనిమిదింటికి అంబలిగానీ ఉప్పు వేసిన మజ్జిగగానీ అందరికీ ఇవ్వండి. దాహం వేసినప్పుడు తాగమని వదిలేయకుండా, ఇరవై నిమిషాలకోసారి పని ఆపి తలా ఒక గ్లాసు నీళ్ళు ఇవ్వాలి. గంటల తరబడి చెమటోడ్చేవారికి ఉత్త నీళ్ళు చాలవు, ఓఆర్‌ఎస్ పొట్లాలు దగ్గర ఉంచుకోండి.

వడదెబ్బ చెప్పకుండా వస్తుందంటారు గానీ తవ్వకంలో దానికి ముందే గుర్తులు కనిపిస్తాయి. దొరికినవి వేసే సంచి మీద మట్టి పొర సంఖ్య తప్పు రాయడం, ఒకే కొలత మూడుసార్లు అడగడం, చిన్న మాటకు విసుక్కోవడం మొదలైతే ఆ మనిషిని వెంటనే నీడకు పంపండి. మాట తడబడినా, తూలినా 108కి ఫోను చేయండి, అంబులెన్సు వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండండి. బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, విసురుతూ ఉండాలి. మెడకు, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఇక ట్రెంచి గోడలు. ఇక్కడ మన వృత్తి మీదే నాకొక అభ్యంతరం ఉంది. గోడ నిట్టనిలువుగా, కత్తితో కోసినట్టు ఉండాలని మనకు నేర్పుతారు. పొరలు స్పష్టంగా చదవాలంటే అది అవసరమే. అయితే నిలువుగా కోసిన ఆ గోడ కింద అందరికంటే ఎక్కువసేపు కూర్చునేది పొరల బొమ్మ గీసే విద్యార్థి. కళ్ళు గ్రాఫు కాగితం మీద పెట్టి, గంటల తరబడి కూర్చుంటారు. ఘనమీటరు మట్టి ఒకటిన్నర టన్నుకు తక్కువ తూగదు. ఛాతీ దాకా పూడినా ఊపిరి అందదు. మన కొండల మీద ఇటుక ముక్కలు, కొండరాళ్ళు కలిసిన పూడిక ఎక్కువ, అది గట్టిగా కనిపిస్తూనే ఒక్కసారిగా విడిపోతుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల వంటి ఇసుక నేలలో అయితే నడుము లోతు గోడను కూడా నమ్మకూడదు. అక్కడ చిన్న రాతి పనిముట్ల కోసం గాలిస్తూ వాగు గట్ల కింద నిలబడేవారికీ ఇదే మాట.

1.2 మీటర్ల లోతు దాటితే గోడను మెట్లుగా కోయండి, లేదా చెక్కలతో ఊతం ఇవ్వండి, నిచ్చెన దించి ఉంచండి. తవ్విపోసిన మట్టి అంచు నుంచి కనీసం మీటరు దూరంలో ఉండాలి, కుప్ప పెరిగేకొద్దీ ఇంకా వెనక్కి జరపాలి. రోజూ పొద్దున దిగే ముందు అంచు వెంట నడిచి, అంచుకు సమాంతరంగా నెర్రెలు వచ్చాయేమో చూడాలి. రాత్రి వాన పడితే ఆ పూట ఎవరినీ లోపలికి దించవద్దు. ట్రెంచిల మధ్య వదిలిన గట్లు తట్టలు మోయడానికి దారి కాకూడదు. గోడ నున్నగా రావాలని రెండు పక్కల నుంచీ గీకగా గీకగా గట్టు సన్నబడి ఉంటుంది, దాని మీద మట్టి తట్టతో నడిచేది కూలి మనిషి. ఆమెకు వేరే దారి కొట్టి ఇవ్వండి. గోడ కూలి ఎవరైనా చిక్కుకుంటే పలుగూ పారా వాడవద్దు, ముందు ముఖం, ఛాతీ చుట్టూ చేతులతోనే తీయాలి. మిగతావారు అంచుకు దూరంగా ఉండాలి, రెండోసారి కూలడం మామూలే.

రాత్రి కప్పిన టార్పాలిన్ పొద్దున చేత్తో ఎత్తకండి. పొడవాటి కర్రతో తిప్పి, కాసేపు ఆగి చూడండి. జీడితోటల అంచున ఉండే ఈ చోట్లలో దాని కింద చల్లదనానికి నాగుపాము, రక్తపింజరి, తేళ్ళు చేరుతుంటాయి. ఇటుక వరుసల సందుల్లో చేయి పెట్టే ముందూ అంతే. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం, మంత్రం కోసం తిరగడం వద్దు. గాజులు, మెట్టెలు, ఉంగరాలు తీసేసి, కరిచిన కాలినో చేతినో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. విషానికి విరుగుడు మందు ఏ ఆస్పత్రిలో ఉందో శిబిరం వేసిన రోజే కనుక్కుని, ఆ దారి డ్రైవరుకు చూపించి రావాలి. తేలు కుట్టాక చెమటలు పట్టి, వాంతులై, చేతులు చల్లబడితే అదీ ఆస్పత్రి పనే. ధనుర్వాతం సూది ముందే అందరికీ వేయించండి, కూలీలతో సహా. బూట్లూ అంతే. చెప్పులు లేని కాళ్ళు పలుగు పక్కన ఉండకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పిడుగుల వానలు వస్తాయి. తొట్లకొండ సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున, తీరాన్ని ఆనుకుని ఉంది. ఉరుము వినిపిస్తే గీస్తున్న గీత అక్కడే ఆపి, కొలత కర్రా ట్రైపాడూ వదిలేసి వాహనంలోకి వెళ్ళాలి. చెట్టు కిందికి, టెంటు కిందికి వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా ఎవరూ బయటికి రాకూడదు. పిడుగుల హెచ్చరికలు ఇచ్చే దామిని యాప్ అందరి ఫోన్లలో ఉంటే మంచిది.

మరొక ప్రమాదం నోటి మాటతో వస్తుంది. ఒక్క నాణెం దొరికి కేకలు వేస్తే, సాయంత్రానికల్లా ఊళ్ళో అది లంకె బిందెలు అవుతుంది. గుప్త నిధుల కోసం చీకట్లో వచ్చేవారికి ఎదురుగా నిలబడేది ఒంటరి కాపలాదారు. దొరికినదాన్ని నెమ్మదిగా నమోదు చేసి ఆ రోజే భద్రపరచండి. రాత్రి కాపలాకు ఇద్దరిని పెట్టండి, ఫోనులో చార్జింగు, పోలీసు స్టేషన్ నంబరు ఉండేలా చూడండి.

పని ముగిశాక పనిముట్లు లెక్కపెట్టినట్టే మనుషులనూ పేరు పెట్టి పిలవాలి. పలికినవారి పక్కన గీత గీయండి. పలకనివారి కోసం ముందు ట్రెంచిల్లో, తర్వాత తొట్ల దగ్గర, ఆ తర్వాత చెట్ల కింద చూడండి. అందరి పేర్ల పక్కనా గీత పడ్డాకే బండి కొండ దిగాలి.